కేస్ స్టడీ: మూతపడిన క్రోమ్ ప్లేటింగ్ షెడ్డు, వానాకాలంలో పసుపెక్కే నుయ్యి

ఈ కేసు విశాఖపట్నంలో పడమటి వైపు పారిశ్రామిక వాడలోది. స్థలం ఎక్కడ, యజమానులెవరు, పక్క కాలనీ ఏది అన్నవి రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. కలుషిత స్థలాల్ని పరిశీలించే మేము పనిలోకి దిగేనాటికే ఆ స్థలానికి ‘మట్టి, నీరు పరిమితుల్లోనే ఉన్నాయి’ అని ఒక రిపోర్టు ఉంది. అందులోని అంకెలు కల్పించినవి కావు. సాంపిళ్లు నిజంగానే తీశారు, ల్యాబ్‌లో నిజంగానే పరీక్షించారు. అయినా ప్రహరీకి అవతల ఒక ఇంటి నూతిలో వానలు పడ్డప్పుడల్లా క్రోమియం వస్తోంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో తేల్చడమే మా పని అయింది.

నేపథ్యం

ఆ షెడ్డులో ఎనభైల నుంచి చాలా ఏళ్లు హార్డ్ క్రోమ్ ప్లేటింగ్ చేశారు. పోర్టు పనుల నుంచి, బోట్ల నుంచి, లారీ రిపేర్ షాపుల నుంచి హైడ్రాలిక్ రాడ్లు, షాఫ్టులు వచ్చేవి. అరిగిన రాడ్‌ని గ్రైండ్ చేసి, క్రోమిక్ యాసిడ్ తొట్టిలో వేలాడదీసి కరెంటు పెడితే పైన క్రోమ్ పొర పడుతుంది, రాడ్ మళ్లీ కొలతకి వస్తుంది. మామూలుగా ఆ తొట్టిలో లీటరుకి 250 గ్రాముల దాకా క్రోమిక్ యాసిడ్, అందులో నూరో వంతు సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. 50 డిగ్రీల దాకా వేడి మీద నడుస్తుంది. లెక్క కట్టి చూడండి. ఒక లీటరు ద్రావణంలో సుమారు 130 గ్రాముల క్రోమియం ఉంటుంది. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన హద్దు లీటరుకి 0.05 మిల్లీగ్రాములు. అంటే నేలపాలైన ఒక్క లీటరు 26 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకెళ్లగలదు. పెద్ద ప్రమాదమేదో జరిగి తొట్టి పగలక్కర్లేదు. రాడ్‌ని ప్లేటింగ్ తొట్టి నుంచి కడిగే తొట్టికి మోసేటప్పుడు రోజూ కారే చుక్కలు చాలు.

ఆ క్రోమియం కూడా మామూలు రూపంలో ఉండదు. క్రోమియం ప్రకృతిలో ఎక్కువగా మూడు ధన చార్జీలున్న (+3) రూపంలో ఉంటుంది. అది మట్టిని పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ప్లేటింగ్ తొట్టిలో ఉండేది ఆరు చార్జీలది, మేము మాటల్లో క్రోమియం-6 అంటాం. అది నీళ్లలో కరిగి నీటితోపాటే నడుస్తుంది. క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. ఈ రెండు రూపాల తేడా ఈ కేసులో అడుగడుగునా అడ్డం వచ్చింది.

గిరాకీ తగ్గి షాపు మూతపడింది. యంత్రాలు అమ్మేశారు, తొట్టెలు పాత సామానుకి వెళ్లాయి, షెడ్డు మిగిలింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడినప్పుడు ఆ షెడ్డు పైరేకులన్నీ లేచిపోయాయి. తర్వాత ఎవరూ రేకులు వేయలేదు. కొన్నేళ్ల తర్వాత స్థలం అమ్మకానికి పెట్టేముందు గోడలు పడగొట్టి, కొండ తవ్వకాల నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ లారీలతో తోలించి, రోలర్ తిప్పి చదును చేశారు. మేము చూసేసరికి అది గడ్డి మొలిచిన ఖాళీ స్థలం.

ఈ ఊరి నేల గురించి నాలుగు మాటలు చెప్పాలి. విశాఖ చుట్టూ ఉన్నది తూర్పు కనుమల ఖొండలైట్ రాయి. పైన ఎర్రమట్టి, దాని కింద సుద్దగా మారిపోయిన మెత్తరాయి, ఇంకా కిందికి వెళ్తే పగుళ్లున్న గట్టి రాయి. నూతులన్నీ మెత్తరాయిలోని నీటి మీద బతుకుతాయి. బోరు వేసేటప్పుడు ఆ మెత్తపొర కూలకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దింపుతారు, కాబట్టి బోరుకి నీళ్లు కింది పగుళ్ల నుంచి వస్తాయి. ఒకే పెరట్లో నుయ్యీ బోరూ పక్కపక్కనే ఉన్నా వాటి నీళ్లు వేరు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

కొనబోయే నిర్మాణ సంస్థ మమ్మల్ని పిలిచింది. వాళ్ల చేతిలో పాత రిపోర్టు ఉంది, దాన్ని ధ్రువీకరించి ఇస్తే అప్పు మంజూరవుతుంది. చిన్న పనే అన్నట్టు మాట్లాడారు. స్థలం చూడ్డానికి వెళ్లిన రోజే ప్రహరీ అవతలి ఇంటి పెద్దావిడ మమ్మల్ని పిలిచి నుయ్యి చూపించింది. “వానొచ్చినప్పుడల్లా నూతినీల్లు పసుప్పచ్చగా ఐపోతన్నాయి బాబూ. ఎండలు ముదిరితే మల్లీ తేటగైపోతాయి. తుఫానొచ్చిన రెండేల్లకి మొదలైంది” అంది. అప్పటిదాకా ఎవరూ ఆవిడని అడగలేదు. మేము వెళ్లింది వేసవిలో. చేదతో తోడి చూపించిన నీళ్లు అద్దంలా ఉన్నాయి.

ఆవిడ చెప్పిన మూడు ముక్కల్లో నాకు మూడు ఆధారాలు దొరికాయి. రంగు పసుపు, అంటే క్రోమేట్ కావచ్చు. వానలకి వస్తుంది, ఎండలకి పోతుంది, అంటే నీటిమట్టం పెరిగినప్పుడు తగిలే ఎత్తులో ఏదో ఉంది. తుఫాను తర్వాత మొదలైంది, అంటే పైకప్పు పోయాక వాననీళ్లు లోపలికి దిగాయి. ఇవి రుజువులు కావు, కానీ ఎక్కడ వెతకాలో చెప్పే దారులు. పరికరాలు దించకముందే ఇలాంటి మాటలు పోగేసుకోవాలని నా గట్టి నమ్మకం.

పాత రిపోర్టుని మళ్లీ చదవడం

రిపోర్టులో మట్టి సాంపిళ్లు స్థలమంతా గళ్లు గీసి, జానెడు లోతు నుంచి తీశారు. కానీ ఆ పై మట్టి ఆ స్థలానిది కాదు, కొండ నుంచి తెచ్చిన గ్రావెల్. ల్యాబ్ కొండమట్టిని పరీక్షించి శుభ్రంగా ఉందని చెప్పింది, అది నిజమే. నీటి సాంపిల్ ఆవరణలోని బోరు నుంచి, మే నెలలో, మోటారు చాలాసేపు నడిపాక తీశారు. కేసింగ్ కిందికి ఉన్న పగుళ్ల నీరది. మెత్తరాయిలో ఏముందో ఆ సీసాకి తెలిసే దారే లేదు.

సీసాలోనూ ఒక సంగతుంది. లోహాల పరీక్షకి పంపే నీళ్లలో నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కన్నా తగ్గిస్తారు, లోహాలు సీసా గోడకి అంటుకోకుండా. మొత్తం క్రోమియానికి అదే సరైన పద్ధతి. క్రోమియం-6 అలాంటి యాసిడ్ నీళ్లలో ఉంచితే మూడు చార్జీల రూపంలోకి మారిపోతుంది. పాత రిపోర్టులో రెండు పరీక్షలూ ఒకే సీసా నుంచి చేసినట్టు అందులో జతచేసిన కాగితాల్లోనే ఉంది. క్రోమియం-6 ‘కనిపించలేదు’ అని వచ్చింది. ఉన్నా కనిపించేది కాదు.

కొనబోయే వాళ్లతో ఈ సంగతి చెప్పడం అంత సులువు కాలేదు. రిపోర్టు తప్పని నేను అనలేదు. ‘ఈ రిపోర్టు జవాబిచ్చిన ప్రశ్న మీ ప్రశ్న కాదు’ అని, పాత రిపోర్టు ఏ లోతుకి, ఏ నెలకి, ఏ పొరకి వర్తిస్తుందో ఒక పేజీ రాసిచ్చాను. ఆ పేజీ చదివాకే పూర్తి పరిశీలనకి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

ముందు మనుషుల సంగతి

పరిశీలన మొదలుపెట్టకముందే ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఆ నుయ్యి వాడకం ఇప్పుడే ఆపించాలా, ఫలితాలు వచ్చేదాకా ఆగాలా? మా చేతిలో అనుమానం తప్ప అంకె లేదు. నుయ్యి ఆపిస్తే కాలనీలో కంగారు పుడుతుంది, అమ్మకం దెబ్బతింటుందని క్లయింట్ భయం. నేను లెక్క ఇలా వేశాను. అనుమానం తప్పైతే కొన్ని వారాల అసౌకర్యం, అనుమానం నిజమై మేము ఊరుకుంటే ఒక కుటుంబం ఇంకో వర్షాకాలం ఆ నీళ్లు తాగుతుంది. క్లయింట్‌కి ఇదే మాట చెప్పి, వాళ్ల ఒప్పుదలతోనే ఆ ఇంటివాళ్లకీ వార్డు సిబ్బందికీ చెప్పాం. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నీళ్లు అందేలా ఏర్పాటైంది. మరిగించి తాగొచ్చా అని ఆవిడ అడిగింది. వద్దని చెప్పాం. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని క్రోమియం పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని సాంద్రత పెరుగుతుంది.

వర్షాలు మొదలయ్యాక నూతి దగ్గరే ఫీల్డ్ కిట్‌తో పరీక్ష చేశాం. డైఫినైల్ కార్బజైడ్ అనే పొడి క్రోమియం-6 తగలగానే రంగు మారుతుంది. ఆవిడా కోడలూ పక్కనే నిల్చుని చూస్తుండగా పరీక్ష నాళికలో నీళ్లు మొదట లేత గులాబీ, తర్వాత ముదురు వంగపండు రంగుకి తిరిగాయి. కిట్‌తో వచ్చిన రంగుల పట్టీ చివరి గడిని కూడా దాటిపోయింది. నీళ్లు పలచన చేసి మళ్లీ చూడాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ నూతినీళ్లు తాగలేదు. ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. నీళ్లు కంటికి పసుపుగా కనబడాలంటే క్రోమియం హద్దుని చాలా రెట్లు దాటాలి. హద్దు దగ్గర ఉన్న నీళ్లు తేటగానే ఉంటాయి. వేసవిలో తేటగా ఉన్నాయి కాబట్టి మంచివేనని ఆ కుటుంబం అన్నేళ్లూ తాగుతూ వచ్చింది.

మూలం కోసం వెతుకులాట: పనికిరాని పరికరాలు

మట్టిలో లోహాలు చూపించే చేతి ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం తెచ్చి స్థలమంతా తిరిగాం. పడమటి మూల క్రోమియం బాగా ఎక్కువ చూపించింది. అందరూ అదే మూలమనుకున్నారు. తవ్వి చూస్తే అది పల్లం పూడ్చడానికి ఎప్పుడో పోసిన స్లాగ్, అంటే లోహపు కొలిముల చిట్టెం. స్లాగ్‌లో క్రోమియం ఉంటుంది కానీ ఆ సాంపిళ్లని నీళ్లతో కడిగి పరీక్షిస్తే దాదాపు ఏమీ దిగలేదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ మొత్తం క్రోమియాన్నే చూస్తుంది, ఏ రూపమో దానికి తెలియదు. ఇలాంటి స్థలంలో అది ఆరా తీయడానికి పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి పనికిరాదు.

నేలలోకి కరెంటు పంపి కొలిచే రెసిస్టివిటీ సర్వే కూడా చేశాం. కలుషితమైన నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు సులువుగా నడుస్తుందని, ఆ జాడ పట్టుకోవచ్చని ఆశ. కానీ సుద్దమట్టిలోనూ కరెంటు అంతే సులువుగా నడుస్తుంది. పైగా భూమిలో పాత కాంక్రీటు చువ్వలు, పక్కనే విద్యుత్ తీగలు. వచ్చిన పటంలో సుద్ద ఎక్కడో కాలుష్యం ఎక్కడో విడదీయలేకపోయాం. ఆ పటాన్ని ఫైల్లో పెట్టాం గాని దాని ఆధారంగా ఒక్క బోరు కూడా వేయలేదు.

దారి చూపింది ఒక మనిషి. ఆ షెడ్డులో చాలా ఏళ్లు పనిచేసిన ఒకాయన దగ్గర్లోనే ఉంటాడని తెలిసి వెళ్లి కలిశాం. మాట్లాడుతుంటే ఊపిరితోపాటు సన్నని ఈల వస్తోంది. ముక్కు దూలానికి చిల్లు పడింది. క్రోమ్ తొట్టెల ఆవిర్లు పీల్చిన వాళ్లకి అది రావడం వైద్యులకి బాగా తెలిసిన సంగతి. ఆయనకి ఎవరూ చెప్పలేదు. ముందు ఆయన్ని ఈఎన్‌టీ డాక్టరుకి చూపించే ఏర్పాటు చేశాం, తర్వాతే స్థలానికి తీసుకెళ్లాం. ఖాళీ గ్రావెల్ మీద అడుగులు వేస్తూ తలుపెక్కడ, రెక్టిఫయర్ ఎక్కడ, పెద్ద తొట్టి ఎక్కడో చెప్పుకుంటూ వెళ్లి ఒక చోట ఆగాడు. “ఇక్కడ గొయ్యి సార్. కడిగిన నీళ్లన్నీ ఇందులోకే. నిండితే గెడ్డలోకి తోడేవోళ్లం” అన్నాడు. గెడ్డ అంటే వాగు. అక్కడ గెడ్డ లేదు. ఆయన చెయ్యి చాపిన వైపు ప్రహరీ, దాని అవతల ఆ నుయ్యి ఉన్న ఇల్లు.

రాడ్ల జిడ్డు వదిలించడానికి (డిగ్రీసింగ్‌కి) ఏం వాడేవారని కూడా అడిగాం. కిరసనాయిలు, అప్పుడప్పుడూ ట్రైక్లోరో (ట్రైక్లోరోఎథిలీన్ ద్రావకం) అన్నాడు. దాంతో మా పరీక్షల జాబితాలో ద్రావకాలు చేరాయి, ప్లేటింగ్ తొట్టిలో కరెంటు పెట్టే సీసం పలకల (యానోడ్ల) వల్ల సీసం చేరింది. ద్రావకాలు దొరకలేదు. సీసం ఒక్కచోటే, యానోడ్లు కరిగించి పోతపోసిన మూల దొరికింది. ఒక స్థలంలో ఏం వెతకాలో చెప్పేది అక్కడ జరిగిన పని. ల్యాబ్ ప్యాకేజీలో ఏముంటే అవి చేయించుకుంటే వీటిలో సగం జారిపోయేవి.

గొయ్యి, గెడ్డ

ఆయన చూపిన చోట జేసీబీతో గ్రావెల్ తీయించాం. మనిషి లోతు దాటకముందే పగిలిన కాంక్రీటు, దాని కింద ఆకుపచ్చా పసుపూ కలిసిన మరకలతో సుద్దమట్టి బయటపడింది. పారతో చీల్చితే లోపల రాతి పొరల వెంట సన్నని పసుపు గీతలు కనిపించాయి. ఖొండలైట్ ఎంత మెత్తబడినా పాత రాతి పొరలు దానిలో అలాగే మిగులుతాయి. నీళ్లు ఆ పొరల వెంటే దిగాయి. క్రోమియం-6 కోసం ఈ మట్టిని యాసిడ్‌తో కాకుండా క్షార ద్రావణంతో కరిగించి (డైజెస్ట్ చేసి) పరీక్ష చేయించాం, నీళ్ల సీసా విషయంలో ఉన్న కారణమే ఇక్కడా. మన దగ్గర మట్టికి అప్పటికి స్పష్టమైన హద్దులు లేవు కాబట్టి కెనడా మార్గదర్శకాలతో పోల్చాం. అక్కడ నివాస స్థలాల మట్టిలో క్రోమియం-6కి కిలోకి 0.4 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియానికి 64. మొత్తం క్రోమియం అంకెని మేము పక్కన పెట్టాం. దూరంగా, ఏ పరిశ్రమా లేని కొండవాలు నుంచి తెచ్చిన మట్టిలోనే అది అంతకన్నా ఎక్కువ వచ్చింది. ఆ రాయి తత్వమే అది. అలా పోల్చి చూడకపోయి ఉంటే ఊరు ఊరంతా కలుషితమని రాయాల్సి వచ్చేది.

గెడ్డ సంగతి పాత సర్వే పటంలో దొరికింది. కొండ నుంచి దిగే చిన్న వాగు ఒకటి స్థలం అంచున వెళ్లేది. తర్వాత లేఅవుట్లు వేసినప్పుడు పూడ్చేశారు. పూడ్చినా కింద ఇసుక ఎక్కడికీ పోదు. ప్రహరీ పక్కన మట్టి తొలిచే ఆగర్ దించితే గ్రావెల్, నల్లటి బురద, తర్వాత ముతక ఇసుక వచ్చాయి. గొయ్యి అడుగు ఆ ఇసుక ఎత్తులోనే ఉంది.

నీళ్లు ఎటు నడుస్తున్నాయి?

భూమిలో నీటిమట్టం కొలవడానికి, సాంపిల్ తీయడానికి దించే సన్నని గొట్టాలు, అంటే పీజోమీటర్లు, రెండు రకాలుగా వేయించాం. కొన్ని మెత్తరాయిలో మాత్రమే నీళ్లు తీసుకునేవి, కొన్ని కింది పగుళ్లలో మాత్రమే తీసుకునేవి. నీళ్లు వచ్చే పైపు ముక్కకి పైన బెంటొనైట్ మట్టితో గట్టిగా మూయకపోతే రెండు పొరల నీళ్లు కలిసిపోతాయి. డ్రిల్లర్లు తాగునీటి బోర్లకి అలవాటు పడ్డవాళ్లు. ఎక్కువ నీళ్లు పడితే మంచి బోరు వాళ్ల లెక్కలో. తక్కువ నీళ్లు పడినా సరే ఒక్క పొర నుంచే రావాలని వాళ్లకి దగ్గరుండి చెప్పుకోవాల్సి వచ్చింది. సాంపిల్ కూడా తోడి పడేయకుండా, నిమిషానికి అర లీటరు మించకుండా, పీహెచ్, వాహకత నిలకడగా వచ్చేదాకా ఆగి తీశాం. అక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టరు పట్టి, క్రోమియం-6కి వేరే సీసా పెట్టి, పీహెచ్ మారకుండా బఫర్ వేసి, మంచుపెట్టెలో అదే రోజు ల్యాబ్‌కి పంపాం.

పీజోమీటర్ల మూతలన్నిటి ఎత్తూ కొలిచి, నీటిమట్టాలతో పటం గీస్తే వేసవిలో నీళ్లు నూతి వైపు కాకుండా ఇంచుమించు వ్యతిరేక దిశలో వెళ్తున్నాయి. ఆ పటం చూసి ఒకరు ‘అయితే నుయ్యి మన లెక్కలోది కాదు’ అన్నారు. నాకు అది నమ్మబుద్ధి కాలేదు. వేసవిలో ఆ వైపు ట్యాంకర్ల వాళ్ల బోర్లు పగలూ రాత్రీ నడుస్తాయి, నీటిని అవి లాక్కుంటాయి. అందుకే తీర్పు ఆపి, నైరుతి వానలు దాటి, అక్టోబర్, నవంబర్‌లో అల్పపీడనాలు వచ్చేదాకా కొలుస్తూ పోయాం. నీటిమట్టం పెరిగి పాత గెడ్డ ఇసుకని తాకగానే దిశ మారింది. సుద్దలో నెమ్మదిగా పాకే నీరు ఇసుక దొరకగానే దాని వెంట నేరుగా నూతి వైపు పరిగెత్తింది. ఇసుకలో వేసిన పీజోమీటర్‌లో నీళ్లు కంటికే పసుపుగా వచ్చాయి. వేసవిలో మట్టం ఇసుక కిందికి దిగిపోతుంది, ఆ దారి మూసుకుపోతుంది, నుయ్యి తేటపడుతుంది. పెద్దావిడ మొదటి రోజు చెప్పింది ఇదే.

మిగిలిన చిక్కు స్థలంలోని పాత బోరు. మేము ఆ నీళ్లు సరైన పద్ధతిలో తీసినప్పుడు క్రోమియం-6 కొద్దిగా, హద్దు చుట్టుపక్కల వచ్చింది. పగుళ్ల రాయిలో అది ఎలా వచ్చింది? కాలుష్యం లోతుకి దిగిపోయి ఉంటే కేసు స్వరూపమే మారిపోతుంది. పగుళ్లలో నీటిని వెంటాడటం ఎవరివల్లా కాదు. పక్కన కొత్తగా లోతు పీజోమీటర్ వేయించే ముందు చౌకైన పని ఒకటి ఉంది, బోరులోకి కెమెరా దింపడం. మోటారు తీసి రాత్రంతా వదిలేసి తెల్లవారి దింపాం. మెత్తరాయి లోతులో కేసింగ్ జాయింటు దగ్గర తుప్పు పొక్కులు, ఆ జాయింటు నుంచి పైపు గోడ మీదుగా కిందికి జారుతున్న సన్నని పసుపు ధార. పై పొర నీళ్లు ఆ చిల్లు నుంచి దిగి కింది నీళ్లలో కలుస్తున్నాయి. మోటారు చాలాసేపు నడిపితే పగుళ్ల నీళ్లు ఎక్కువగా వచ్చి అది పలచబడిపోతుంది. తర్వాత వేసిన లోతు పీజోమీటర్‌లో క్రోమియం-6 రాలేదు.

ఆ బోరుని వెంటనే మూయించాం. రాళ్లూ గ్రావెలూ పోసి పైన సిమెంటు పూస్తే కింద దారి అలాగే ఉంటుంది. అడుగు నుంచి పైకి పైపు ద్వారా సిమెంటు, బెంటొనైట్ ముద్ద నింపించాం. ఈ ఊళ్లో ఎండిపోయి, కేసింగ్ తుప్పుపట్టి, మీద బండరాయి పెట్టి వదిలేసిన బోర్లు ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. అలాంటి ప్రతి బోరూ పై మురికికి కిందికి దిగే గొట్టమే.

శుద్ధి: ఏది కుదరలేదు, ఏది కుదిరింది

క్రోమియం-6ని అక్కడికక్కడే మూడు చార్జీల రూపంలోకి మార్చేస్తే అది మట్టిలో కదలకుండా ఉండిపోతుంది. దానికి ఇనుము పనికొస్తుంది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ద్రావణాన్ని చిన్న బోర్ల ద్వారా మట్టిలోకి ఎక్కించి చూశాం. సుద్ద పట్టలేదు. ద్రావణం పక్కలకి పోకుండా బోరు చుట్టూ పైకి ఉబికి వచ్చింది. బెల్లం మడ్డి ఎక్కించి సూక్ష్మజీవులతో ఆ పని చేయించే పద్ధతి కూడా ఉంది, అనకాపల్లి పక్కనే కాబట్టి సరుకుకి లోటు లేదు. కానీ ఆ పద్ధతిలో మట్టిలోని ఇనుము, మాంగనీసు కరిగి నీళ్లలోకి వస్తాయి, కొంతకాలం వాసన ఉంటుంది. ఇసుక దారి చివర ఇంటి నుయ్యి ఉన్నచోట ఆ ప్రయోగం చేయడం నాకు ఇష్టం లేకపోయింది.

చివరికి మోటు పద్ధతే కుదిరింది. వేసవి చివర్లో, నీటిమట్టం బాగా కిందున్నప్పుడు గొయ్యి చుట్టూ మరక పట్టిన మట్టినంతా తవ్వించాం. దుమ్ము లేవకుండా తడుపుతూ, టార్పాలిన్లు కప్పుతూ, ఆ లారీలు మ్యానిఫెస్ట్‌తో (రవాణా పత్రంతో) పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాయి. గొయ్యి అడుగున అన్నభేది, సున్నం కలిపి తొక్కించి మంచి మట్టితో నింపాం. గెడ్డ ఇసుక ప్రహరీ దాటే చోట అడ్డంగా సుద్దమట్టి గోడ కట్టించి, లోపలి వైపు ఒక సంపు పెట్టాం. వానాకాలంలో అక్కడ చేరే నీటిని తోడి, అన్నభేదితో మార్చి, సున్నంతో అడుగుకి దించి, ఇసుక ఫిల్టరు పట్టి వదిలేవాళ్లం.

మొదటి వర్షాకాలం నూతిలో పసుపు కనబడలేదు, అంకె మాత్రం హద్దుకి పైనే ఉంది. క్లయింట్ నిరాశ పడ్డారు. సుద్దలో ఏళ్ల తరబడి ఇంకినది ఒక్క తవ్వకంతో పోదు, కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. ముందే ఈ సంగతి రాసి ఇచ్చి ఉండబట్టి పని ఆగలేదు. రెండో వర్షాకాలం నాటికి నూతి నీళ్లు హద్దు కిందికి వచ్చాయి, సంపులో ఇంకా అప్పుడప్పుడూ దాటుతున్నాయి.

ఇప్పుడు ఇలాంటి పని చేయబోయే వాళ్లకి

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అంతకుముందు మా చేతిలో ఉన్నవి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, పర్యావరణ శాఖ మార్గదర్శకాలు, తాగునీటి ప్రమాణం. ఇకపై ఇలాంటి పరిశీలనలు ఎక్కువవుతాయి, తొందర కూడా ఎక్కువవుతుంది. కొనేవాళ్లు రిపోర్టు చేతికి రాగానే చివరి పేజీ చూస్తారు. వాళ్లు అడగాల్సినవి మొదటి పేజీల్లో ఉంటాయి. తీసిన మట్టి ఆ స్థలానిదేనా, పోసిన మట్టా? నీళ్లు నూతి పొరవా, రాతి పగుళ్లవా? ఏ నెలలో తీశారు? సీసాలో ఏం కలిపారు? ల్యాబ్‌కి ఆ ప్రత్యేక పరీక్షకి గుర్తింపు ఉందా? వీటికి జవాబు లేని రిపోర్టు నా దగ్గరికి వస్తే నేను అంకెల జోలికి వెళ్లను.

పక్కింటి వాళ్లతో మాట్లాడటానికి, పాత కార్మికుల్ని వెతకడానికి ప్రతిపాదనల్లో ఎప్పుడూ డబ్బు కేటాయించరు. నేను ఇప్పుడు దాన్ని విడిగా ఒక పద్దుగా రాస్తున్నాను. రెండు కాలాల కొలతలకి కూడా ఒప్పుకోని క్లయింట్లకి దిశ పటం ఇవ్వను, ఇచ్చినా ఏ నెలదో దాని మీదే పెద్ద అక్షరాలతో రాస్తాను.

స్థలం అమ్మకం చివరికి జరిగింది, ధర తగ్గించుకుని. గొయ్యి ఉన్న మూలలో భవనం కట్టకూడదని, ఆవరణలో ఎక్కడా బోరు వేయకూడదని, పీజోమీటర్లని పీకకూడదని అమ్మకం దస్తావేజులోనే షరతులు రాయించాం. అక్కడ పార్కింగ్ వచ్చింది. నూతినీళ్లు హద్దులోపలే ఉన్నా తాగడానికి ఇంకా అనుమతి ఇవ్వలేదు. వరసగా ఇంకొన్ని వర్షాకాలాలు, ముఖ్యంగా ఒక పెద్ద తుఫాను వానలో, అంకె నిలబడితేనే ఇస్తాం. అందాకా ఆ ఇంటికి కుళాయి కనెక్షన్ ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకున్నారు.